మొదటి ఎపిసోడ్‌ని ఎంతవరకు నమ్మొచ్చు? 2024 అక్టోబర్ కొత్త అనిమేలపై నా ఫస్ట్ ఇంప్రెషన్స్

కొత్త ఫోన్ చేతికొచ్చిన రోజే ఫస్ట్ ఇంప్రెషన్స్ రాసేస్తాం. బాక్స్ ఓపెన్ చేస్తాం, పట్టుకుని చూస్తాం, పగలు నాలుగు ఫొటోలు, రాత్రి నాలుగు ఫొటోలు తీస్తాం, అయిపోయింది. ఆరు నెలల తర్వాత బ్యాటరీ ఎలా ఉంటుందో, రెండో అప్‌డేట్ తర్వాత ఫోన్ వేడెక్కుతుందో లేదో ఆ రోజు చెప్పలేం. అనిమే మొదటి ఎపిసోడ్ కూడా ఇలాంటిదే. నాకది 2021లో తెలిసొచ్చింది, కాస్త పరువు పోయాక.

అప్పుడు బీటెక్ చివరి సంవత్సరం. జనవరి సీజన్‌లో 'వండర్ ఎగ్ ప్రయారిటీ' మొదటి ఎపిసోడ్ చూసి మతిపోయింది. వెంటనే క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో 'ఈ ఏడాదికి ఇదే బెస్ట్, రాసి పెట్టుకోండి' అని మెసేజ్ కొట్టా. ఎనిమిదో వారానికి వచ్చేసరికి కొత్త ఎపిసోడ్ బదులు పాత సీన్లు అతికించిన రీక్యాప్ వచ్చింది. పని టైమ్‌కి అందలేదన్నమాట. కథ తేలకుండానే సీజన్ అయిపోయింది, ముగింపుని జూన్‌లో స్పెషల్‌గా వదిలారు, అది చూశాక కూడా ఏం ముగిసిందో నాకు అర్థం కాలేదు. నా మాట నమ్మి మొత్తం చూసిన ఒక ఫ్రెండ్ ఇప్పటికీ నేను ఏ సిరీస్ పేరు చెప్పినా 'రాసి పెట్టుకోవాలా మామా?' అంటాడు.

అందుకే ఈసారి దసరా సెలవుల్లో ఇంటికెళ్లి కొత్త సిరీస్‌లు వరసపెట్టి చూశాక, ఏది బాగుంది ఏది బాలేదు అన్న లిస్టు రాయడం కన్నా, మొదటి ఎపిసోడ్‌లో ఏది నమ్మాలి, ఏది నమ్మకూడదు అన్నది కూడా కలిపి రాద్దామనిపించింది.

ముందు కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. జపాన్‌లో అనిమే ఏడాదికి నాలుగు సీజన్లుగా వస్తుంది: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్. ఒక్కో సీజన్‌కి 12 లేదా 13 ఎపిసోడ్లు, వారానికి ఒకటి. ఎక్కువ భాగం అక్కడ అర్ధరాత్రి స్లాట్లలో వస్తాయి. వాళ్ల టైమ్ మనకన్నా మూడున్నర గంటలు ముందు కాబట్టి, అక్కడ రాత్రి 12 అంటే మనకి 8:30. ఆఫీసు నుంచి వచ్చి అన్నం తినే టైమ్.

ఆ టీవీ స్లాటే అసలు గొడవంతా. స్లాట్ ముందే బుక్ అయిపోయి ఉంటుంది. పబ్లిషర్, టీవీ చానెల్, మ్యూజిక్ కంపెనీ లాంటివాళ్లు కలిసి కమిటీగా డబ్బు పెడతారు, స్టూడియో చాలాసార్లు వాళ్ల దగ్గర కాంట్రాక్ట్ తీసుకుని పనిచేసేదే. తేదీ వెనక్కి జరపడం అంత తేలిక కాదు. మొదటి ఎపిసోడ్ మీద నెలల తరబడి కూర్చుంటారు. తరచుగా మెయిన్ డైరెక్టరే స్టోరీబోర్డ్ గీస్తాడు, మంచి యానిమేటర్లని దాని మీదే పెడతారు, ట్రైలర్ క్లిప్పులు కూడా అందులోంచే వస్తాయి. ఆరో ఎపిసోడ్ టైమ్‌కి ఆ సుఖం ఉండదు. అంటే మొదటి ఎపిసోడ్ కంపెనీ ఏరి పంపిన రివ్యూ యూనిట్ లాంటిది. అబద్ధం కాదు, కానీ మీ ఇంటికొచ్చే పీస్ అదే కాకపోవచ్చు.

మరి దాన్ని చూసి ఏం తెలుసుకోవచ్చు? ఫైట్ ఎంత స్మూత్‌గా ఉందన్నది కాదు. ఎవరూ కొట్టుకోని సీన్ చూడండి. ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటున్నప్పుడు కెమెరా ఎక్కడ పెట్టారు, ఎంతసేపు మౌనంగా ఉంచారు, సౌండ్ ఎలా వాడారు. డైరెక్టర్ బుర్రలో ఉన్నది అక్కడ కనిపిస్తుంది, అది డబ్బు తగ్గినా, టైమ్ తగ్గినా అంత తొందరగా పోదు. ఇంకోటి, మాంగాలో ఎన్ని చాప్టర్లు ఆ 24 నిమిషాల్లో కుక్కారో చూడండి. మొదటి వారమే పరిగెడుతుంటే పన్నెండో వారానికి ఆయాసం ఖాయం.

ఈ సీజన్‌లో ఇది నేర్పడానికే వచ్చినట్టు ఒక సిరీస్ ఉంది.

ఉజుమాకి: ఒక్క వారంలో ఏం జరిగింది?

జుంజి ఇటో హారర్ మాంగా. ఒక ఊరికి సుడుల పిచ్చి పడుతుంది. నత్త గుల్ల, నీటి సుడి, పొగ, జుట్టు, ఏది చూసినా చుట్లు చుట్లు. 2019లో ప్రకటించారు, 2020లో రావాల్సింది, వాయిదాల మీద వాయిదాలు పడి చివరికి 2024 సెప్టెంబర్ 28న మొదటి ఎపిసోడ్ వచ్చింది. మొత్తం నాలుగే ఎపిసోడ్లు, అదీ బ్లాక్ అండ్ వైట్‌లో. డైరెక్టర్ హిరోషి నగహామా, 'ముషిషి' తీసినాయన.

మొదటి ఎపిసోడ్ నేను అర్ధరాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూశా. ఇటో గీసే సన్నటి గీతలు కదులుతున్నట్టే ఉంది. మనుషుల నడకలో, తల తిప్పడంలో ఒక అసహజమైన సహజత్వం. షుయిచి తండ్రి గుండ్రటి తొట్టిలో కనిపించే సీన్ మాంగాలో చూసిందే, అయినా ఫోన్ పక్కన పెట్టేశా. కోలిన్ స్టెట్సన్ మ్యూజిక్ అయితే ఎవరో గోడ అవతల ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుంది.

వారం తర్వాత రెండోది. అదే ఊరు, అదే మనుషులు, కానీ బొమ్మలు బిగుసుకుపోయాయి. నడక చూస్తే నవ్వొస్తుంది. భయపడాల్సిన చోట గ్రూప్‌లో మీమ్స్ మొదలయ్యాయి. నేనూ రెండు ఫార్వర్డ్ చేశా. మూడోది కూడా దాదాపు అదే దారి.

తర్వాత ఈ సిరీస్ ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ జేసన్ డిమార్కో సోషల్ మీడియాలో రాసింది చదివా. ఎక్కడో ఏదో తేడా కొట్టిందని ఒప్పుకున్నాడు, ఎవరి వల్లో చెప్పలేదు. తమ ముందు ఉన్న దారులు ఇవీ అన్నాడు: మొత్తం ఆపేయడం, మొదటిది మాత్రమే వేసి వదిలేయడం, లేదా లోపాలతో సహా నాలుగూ వేయడం. పనిచేసినవాళ్ల కష్టం మీద గౌరవంతో మూడోది ఎంచుకున్నామన్నాడు.

ఇది చదివాక నాకు నవ్వు ఆగిపోయింది. నేను చేరిన మొదటి ఏడాది మా టీమ్‌కి సరిగ్గా ఇదే వచ్చింది. రిలీజ్ డేట్ క్లయింట్‌కి చెప్పేశారు, మార్చడానికి లేదు. మొదటి డెమోలో చూపించిన స్క్రీన్లు రెండు నెలలు చెక్కినవి, అద్దంలా ఉన్నాయి. మిగతావి చివరి పది రోజుల్లో రాత్రుళ్లు కూర్చుని రాసినవి. ఆపాలా, సగం ఇవ్వాలా, బగ్స్‌తో ఇవ్వాలా అని రాత్రి పదకొండుకి కాల్. బగ్స్‌తోనే ఇచ్చాం. 'వీళ్లకి కోడింగ్ వచ్చా అసలు?' అని ఎవరో రివ్యూ రాశారు. ఆ స్క్రీన్ రాసింది నేనే, మూడు రోజులు నిద్ర లేకుండా. ఆ రివ్యూ స్క్రీన్‌షాట్ ఇంకా నా దగ్గరుంది.

దీనర్థం ఉజుమాకి రెండో ఎపిసోడ్ బాగుందని కాదు. బాలేదు. నేను మీకు చెప్పేది, మొదటిది చూడండి, అది ఒక్కటీ ఒక షార్ట్ ఫిల్మ్ అనుకుని చూడండి. అదీ డేటా సేవర్‌లో కాదు. ఆ నల్ల గీతలు తక్కువ బిట్‌రేట్‌లో కలిసిపోయి బూడిదరంగు మరకలా తయారవుతాయి. ఫోన్‌లో 480పీ లో మొదలుపెట్టి, వైఫైకి మారాక మళ్లీ మొదటి నుంచి చూశా, రెండూ వేరే షోల్లా ఉన్నాయి.

దందదన్: సౌండ్ పెంచండి, తలుపు వేసుకోండి

ఈ సీజన్‌లో అందరి నోట్లో ఉన్నది ఇదే. యుకినోబు తత్సు మాంగా. ఆయన ఒకప్పుడు 'చైన్‌సా మ్యాన్' తత్సుకి ఫుజిమొటో దగ్గర అసిస్టెంట్, ఆ గాలి కొంచెం తగులుతుంది. మోమో అనే అమ్మాయికి దెయ్యాల మీద నమ్మకం, ఏలియన్లు లేరంటుంది. ఒకరున్ అని ఆమె పిలిచే అబ్బాయికి ఏలియన్ల పిచ్చి, దెయ్యాలు లేవంటాడు. పందెం వేసుకుని ఆమె పాడుబడ్డ ఆసుపత్రికి, అతను సొరంగానికి వెళ్తారు. ఇద్దరూ తప్పే అని అరగంటలో తేలిపోతుంది.

స్టూడియో సైన్స్ సారూ, డైరెక్టర్ ఫూగా యమాషిరోకి సిరీస్ డైరెక్టర్‌గా ఇదే మొదటిది. పైన చెప్పిన టెస్ట్ దీనికి పెట్టి చూశా. ఫైట్ల సంగతి వదిలేయండి, అవి బాగుంటాయని ట్రైలర్‌లోనే తెలుసు. వీళ్లిద్దరూ నడుస్తూ తగువులాడుకునే సీన్ చూడండి. మాట మీద మాట పడుతుంది, ఒకరి మొహం మీద ఉండాల్సిన కెమెరా ఇంకొకరి రియాక్షన్ మీద ఉంటుంది. గండం వచ్చినప్పుడు ఫ్రేమ్ మొత్తం ఒకే రంగులో మునిగిపోతుంది. ఖర్చు తగ్గించే ఉపాయం కూడా కావచ్చు, కానీ చూడ్డానికి స్టైల్‌లా ఉంది. ఇలాంటివి చివరిదాకా నిలబడతాయని నా నమ్మకం. ఓపెనింగ్ సాంగ్ 'ఒటొనొకే', 'బ్లింగ్-బ్యాంగ్-బ్యాంగ్-బోర్న్' పాడిన క్రీపీ నట్స్ వాళ్లదే. స్కిప్ బటన్ మీద వేలు పెట్టబుద్ధి కాదు.

ఒక్కటి మాత్రం నాకు నచ్చలేదు. మొదటి ఎపిసోడ్‌లో ఏలియన్లు మోమోని బంధించే సీన్. ఆమె బట్టలు తీసేయడం కథకి అంత అవసరం లేదు, కామెడీకి అసలే లేదు. భయం కోసం పెట్టారంటే, భయానికి వేరే దారులు అదే ఎపిసోడ్‌లో బోలెడు చూపించారు. పైగా నేను దాన్ని పండగపూట హాల్లో పెద్ద టీవీలో పెట్టా. వంటింట్లోంచి మా పెద్దమ్మ బూరెల పళ్లెంతో సరిగ్గా అప్పుడే వచ్చింది. 'ఏంట్రా అది?' అంది. 'యాడ్ పెద్దమ్మా' అన్నా. నమ్మలేదు.

ఓర్బ్: నన్ను పట్టుకున్నది ఇదే

'ఓర్బ్: ఆన్ ది మూవ్‌మెంట్స్ ఆఫ్ ది ఎర్త్'. పేరు చూసి డాక్యుమెంటరీ అనుకుని దాటేయకండి. 15వ శతాబ్దం యూరప్, భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందంటే కాల్చి చంపే రాజ్యం. ఉవోతో రాసిన మాంగా, 2022లో తెజుకా ఒసాము కల్చరల్ ప్రైజ్‌లో గ్రాండ్ ప్రైజ్ గెలిచింది. మ్యాడ్‌హౌస్ చేసింది, 2024 అక్టోబర్ 5న మొదలైంది, నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది.

రాఫౌ అనే పన్నెండేళ్ల కుర్రాడు. మహా తెలివైనవాడు. పెద్దవాళ్లకి ఏ జవాబు నచ్చుతుందో తెలుసుకుని అదే చెప్పడం వాడి టాలెంట్. యూనివర్సిటీలో మతశాస్త్రం చదువుతానంటాడు, ఎందుకంటే అదే గౌరవం, అదే సేఫ్. కానీ రాత్రైతే కొండెక్కి నక్షత్రాల లెక్కలు రాసుకుంటాడు. వీడిని చూస్తుంటే నాకు ఎంసెట్ కౌన్సెలింగ్ రోజు గుర్తొచ్చింది. నాకు ఫిజిక్స్ ఇష్టమని ఇంట్లో అందరికీ తెలుసు. సీఎస్ఈ అని నేనే టిక్ పెట్టా, ఎవరూ బలవంతం చేయలేదు. సేఫ్ జవాబు ఏదో నాకూ తెలుసు కదా మరి. ఉద్యోగం బాగానే ఉంది, ఏడవడానికేం లేదు. అయినా ఆ కొండ మీది సీన్‌ని రెండుసార్లు వెనక్కి తిప్పి చూశా.

ఇందులో యాక్షన్ లేదు. గదిలో ఇద్దరు మాట్లాడుకోవడమే. నొవాక్ అనే విచారణాధికారి మామూలు ఉద్యోగిలా, సాయంత్రం ఇంటికెళ్లే మనిషిలా హింస పెడుతుంటాడు. కెంజిరో త్సుడా గొంతు అది, ఎక్కడా పెంచడు. యానిమేషన్ పరంగా కళ్లు చెదిరేది ఏమీ లేదు. నా టెస్ట్ ప్రకారం అదే దీని బలం. మొదటి వారం ఆర్భాటం చేయలేదు కాబట్టి తర్వాత పడిపోవడానికి ఎత్తు కూడా లేదు. 25 ఎపిసోడ్ల కథ ఇది, పరుగు లేదు.

చరిత్ర పాఠం అనుకుని మాత్రం చూడకండి. కోపర్నికస్ పుస్తకం వచ్చింది 1543లో, గెలీలియో మీద విచారణ 1633లో. దానికి ఎంతో ముందే ఇంత దారుణంగా వేటాడారన్నది రచయిత కల్పన. అందుకే దేశాన్ని 'పి రాజ్యం' అని, మతాన్ని 'సి' అని అంటాడు.

మూడు ఎపిసోడ్లు చూశాకే వదిలేయాలో లేదో తేల్చుకోమనే రూల్ మీరు వినే ఉంటారు. 2011లో 'మడోకా మ్యాజికా' మూడో ఎపిసోడ్ దెబ్బకి బాగా పాపులర్ అయిన రూల్ అది. నేను దాన్ని ప్రతిదానికీ పాటించను, నచ్చకపోతే పది నిమిషాల్లో మూసేస్తా. ఓర్బ్‌కి మాత్రం పాటించండి. మూడోది దసరా రోజు రాత్రి చూశా. ఏం జరుగుతుందో చెప్పను. మొదటి రెండు ఎపిసోడ్లు చూసి 'ఈ సిరీస్ ఇలా వెళ్తుంది' అని నేను వేసుకున్న లెక్క మొత్తం తప్పింది.

ఇది చాలా చీకటి షో, నిజంగానే. కొవ్వొత్తి వెలుగు, రాత్రి ఆకాశం. మా హాల్లో పాత ఎల్‌సీడీ టీవీ మీద ట్యూబ్‌లైట్ తప్ప ఏమీ కనపడలేదు. లైట్లు ఆపి ఓలెడ్ ఫోన్‌లో చూస్తేనే నక్షత్రాలు బయటపడ్డాయి.

మిగతావి

బ్లూ బాక్స్: స్కూల్ రొమాన్స్, మధ్యలో ఆటలు. అబ్బాయి తైకి షటిల్ ఆడతాడు, వాడికి నచ్చిన సీనియర్ చినత్సు బాస్కెట్‌బాల్. పొద్దున్నే జిమ్‌లో ఇద్దరే ప్రాక్టీస్ చేసే సీన్లు ప్రాణం. బూటు కిర్రుమనే చప్పుడు, షటిల్ తగిలే చప్పుడు, అంతే. గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీ దారిలో ఆఫీసుకి వెళ్లేవాడిని, సింధు మ్యాచ్‌ల కోసం మీటింగ్‌లు ఎగ్గొట్టినవాడిని, నాకు బాస్కెట్‌బాల్ కన్నా షటిల్ సీన్లు ఎక్కువ కావాలి. ఎపిసోడ్ చివర ఆ అమ్మాయి వాళ్లింట్లోనే ఉండటానికి రావడం కొంచెం అతి. అయినా కొనసాగిస్తా. నెట్‌ఫ్లిక్స్.

రన్మా 1/2: 1989 నాటి అనిమేకి మప్పా చేసిన కొత్త వెర్షన్. చన్నీళ్లు పడితే అమ్మాయిగా, వేన్నీళ్లు పడితే అబ్బాయిగా మారే కుర్రాడు. వాళ్ల నాన్న పాండా అవుతాడు. కప్పేయ్ యమాగుచి, మెగుమి హయషిబరా లాంటి పాత గొంతులనే మళ్లీ తీసుకొచ్చారు, ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఎనర్జీ తగ్గలేదు. రంగులు ముద్దొస్తున్నాయి. జోకుల్లో కొన్నిటికి మాత్రం వయసైపోయింది. ఇది కూడా హాల్లో పెట్టే షో కాదు.

మాజిల్యుమియేర్: మ్యాజిక్ చేసే అమ్మాయిలు ఒక స్టార్టప్‌లో ఉద్యోగులు. హీరోయిన్ కానా ఇంటర్వ్యూల్లో వరసగా రిజెక్ట్ అవుతుంటుంది, క్యాంపస్ ప్లేస్‌మెంట్ సీజన్ చూసినవాళ్లకి కళ్లు చెమరుస్తాయి. ఇందులో మంత్రాన్ని రాసిచ్చేది ఆఫీసులో కూర్చున్న ఇంజనీర్. ఫీల్డ్‌లో ఆమె పోరాడుతుంటే ఇక్కడ ఇతను అప్పటికప్పుడు మంత్రం రెడీ చేస్తుంటాడు, ప్రొడక్షన్‌లో హాట్‌ఫిక్స్ అన్నమాట. ఐడియా బొమ్మల కన్నా బాగుంది. ఇంకో వారం చూస్తా.

డ్రాగన్ బాల్ డైమా మొదటి ఎపిసోడ్ 11న వచ్చింది. చాలా భాగం పాత బూ కథ రీక్యాపే, అందరూ చిన్నపిల్లలవడం దాకా రావడానికే సరిపోయింది. 2024 మార్చిలో పోయిన తొరియామా రాసిన కథ కాబట్టి చూస్తా, అంతకుమించి ఇప్పుడే చెప్పడానికేం లేదు. రీ:జీరో మూడో సీజన్, బ్లూ లాక్ రెండో సీజన్ కొత్తవి కావు, వాటి జోలికి వెళ్లలేదు.

చూసే ముందు ఒక్క పని చేయండి. టీవీ సెట్టింగ్స్‌లో మోషన్ స్మూతింగ్ లేదా ఎంఈఎంసీ అని ఉంటుంది, ఆపేయండి. కొన్ని ఫోన్లలో కూడా ఉంది. అనిమే సెకనుకి 24 ఫ్రేములే, అందులోనూ ఒక్కో బొమ్మని రెండు మూడు ఫ్రేములు ఉంచుతారు, అంటే సెకనుకి 12 లేదా 8 బొమ్మలు. ఆ తడబాటు కావాలనే పెట్టింది. పంచ్‌కి బరువు దానివల్లే వస్తుంది. టీవీ మధ్యలో దూరి లేని ఫ్రేములు పుట్టిస్తే బొమ్మలు సబ్బు మీద జారినట్టు ఉంటాయి. దందదన్ మొదటిసారి అలాగే చూసి 'యానిమేషన్ ఏంటి ఇలా ఉంది' అనుకున్నా. తప్పు నా టీవీది.

నిన్న ఆ పాత ఫ్రెండ్ ఫోన్ చేశాడు, ఈ సీజన్‌లో ఏది మొదలుపెట్టాలని. ఓర్బ్ అన్నా, మూడు చూశాక కాల్ చేయమన్నా. 'రాసి పెట్టుకోవాలా మామా?' అన్నాడు. ఈసారి వద్దన్నా. రాత్రి పదిన్నరకి రెండోది అయిందని మెసేజ్ పెట్టాడు, తర్వాత ఏమీ లేదు.